చూడి గేదెకు దాణా, బాలింతకు పథ్యం

సింగరాయకొండ చుట్టుపట్ల ఊళ్లలో తెల్లవారకముందే పాల కేంద్రం దగ్గర క్యాన్ల చప్పుడు మొదలవుతుంది. చెంబులు, తపేలాలు పట్టుకుని వరుసలో నిలబడేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. పాలు పోసి, వెన్న శాతం చూసుకుని, పుస్తకంలో అంకె వేయించుకుని ఇంటికి వెళతారు. ఇంత చద్దన్నం తిని మిరప కోతకో, పత్తి తీతకో, పొగాకు పనికో బయలుదేరతారు. ఆ వరుసలో నెలలు నిండుతున్న చూలాలూ ఉంటుంది, ఏడెనిమిది నెలల బిడ్డను అత్తగారి చేతిలో పెట్టి వచ్చిన తల్లీ ఉంటుంది.

"ఈ పూట నువ్వు పాలు తాగావా అమ్మా?" అని ఆ చూలాలిని అడిగితే నవ్వుతుంది. "టీలోకి కాసిని ఉంచుకున్నామండీ" అంటుంది. పక్కనున్న పెద్దావిడ అందుకుని, "కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుద్దండీ" అంటుంది. ఆ పెద్దావిడే ఇంట్లో చూడి గేదెకు తవుడూ తెలగపిండీ కలిపి అదనంగా దాణా పెట్టి వచ్చి ఉంటుంది. గేదె విషయంలో ఆమె చేసేది సరైన పని. కోడలి విషయంలో ఆమె చెప్పేది సరికాదు. ఎందుకు సరికాదో చెప్పడానికే ఈ వ్యాసం.

సాధారణంగా ఈ పుటలలో పశుపోషణ గురించి రాస్తుంటాము. ఈసారి పాడి ఉన్న ఇంట్లోని పసిబిడ్డ పేగు గురించి రాస్తున్నాము. దూడల పెంపకం తెలిసిన మన సభ్యులకు ఈ విషయం ఇతరులకంటె సులువుగా అర్థమవుతుందని మా నమ్మకం.

ఎదగని బిడ్డ

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లలలో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరని తేలింది. ఎదిగిన స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అంతకు నాలుగైదేళ్ల ముందు జరిగిన సర్వేలోనూ పొట్టి పిల్లల సంఖ్య ఇంచుమించు ఇంతే. మధ్యలో రోడ్లు వచ్చాయి, రేషను బియ్యం అందాయి, మరుగుదొడ్లు కట్టారు. ఈ అంకె మాత్రం పెద్దగా కదలలేదు.

"మా వంశంలో అందరం పొట్టివాళ్లమే" అని కొందరు సరిపెట్టుకుంటారు. తలిదండ్రుల ఎత్తు ప్రభావం కొంత ఉంటుంది, కాదనలేము. కాని పుట్టినప్పటి నుంచి రెండేళ్లలోపు బిడ్డ ఎదుగుదల ఎక్కువగా తిండిమీద, రోగాలమీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండేళ్లలో వెనుకబడిన బిడ్డ తర్వాత పూర్తిగా కోలుకోవడం అరుదు. ఎత్తు తగ్గడం పైకి కనిపించే గుర్తు మాత్రమే. అదే కాలంలో మెదడు కూడా పెరుగుతుంది కనుక చదువుమీదా, పెద్దయ్యాక పనిచేసే శక్తిమీదా దాని ప్రభావం పడుతుంది.

మరి తిండి పెడుతున్నా కొందరు బిడ్డలు ఎందుకు ఎదగరు? "ఎంత పెట్టినా ఒంటికి పట్టడం లేదు" అని తల్లులు అంటుంటారు. ఆ మాటలో శాస్త్రం ఉంది. తిండి నిజంగానే ఒంటికి పట్టడం లేదు. ఆ లోపం పేగులో ఉంది.

పేగు లోపల ఏముంది?

గొర్రె బోటి శుభ్రం చేసినవారికి తెలుసు. పొట్ట లోపలి వైపు నున్నగా ఉండదు, తువ్వాలు మీది నూగులా ఉంటుంది. మనిషి చిన్న పేగు లోపల అంతకంటె ఎంతో సన్నని నూగు ఉంటుంది. అది కంటికి ఆనదు, సూక్ష్మదర్శినిలోనే కనిపిస్తుంది. అరిగిన ఆహారంలోని సారాన్ని రక్తంలోకి పీల్చేది ఈ నూగే. నూగు ఎంత ఒత్తుగా, పొడుగ్గా ఉంటే పీల్చే జాగా అంత ఎక్కువ.

ఈ నూగుపై ఒకే వరుస కణాలు దడి కట్టినట్లు ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. సారాన్ని లోనికి పంపడం, సూక్ష్మక్రిములను బయటే ఆపడం, ఈ రెండు పనులూ ఆ దడివే. ఈ కణాలు మూడు నుంచి అయిదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడతాయి. ఇంత తొందరగా మారే భాగాలు శరీరంలో చాలా తక్కువ. కొత్త కణాలు పుట్టాలంటే మాంసకృత్తులు, జింకు, విటమిన్ ఎ వంటివి నిత్యం అందుతుండాలి.

పసిబిడ్డ నోట్లోకి రోజూ మలినం పోతుంటే ఏమవుతుంది? ఒక్కసారిగా పెద్ద జబ్బు రాకపోవచ్చు. కాని ప్రతిరోజూ కొద్దికొద్దిగా క్రిములు చేరడంతో పేగు గోడ వాస్తుంది. నూగు పొట్టిదై చదునవుతుంది. దడి సందులు వదులవుతాయి. ఆ సందుల గుండా క్రిముల అవశేషాలు రక్తంలోకి పోతాయి. శరీరం వాటితో ఎడతెగని పోరాటం చేస్తుంది. ఎముకకూ కండకూ పోవలసిన ఆహారం ఈ పోరాటానికి ఖర్చవుతుంది. ఎదుగుదలను నడిపించే హార్మోన్ల పని మందగిస్తుంది. ఆకలి తగ్గుతుంది.

ఇందులో మోసం ఏమిటంటే, బిడ్డకు విరేచనాలు ఉండనక్కరలేదు. జ్వరం ఉండదు. నవ్వుతూ ఆడుకుంటూనే ఉంటుంది. తూకం వేసినప్పుడు, ఎత్తు కొలిచినప్పుడు మాత్రమే తేడా బయటపడుతుంది. పాలలో నీళ్లు కలిశాయో లేదో చూపుతో చెప్పలేక లాక్టోమీటరు వేస్తాం కదా, ఇదీ అంతే.

ఈ సంగతి ఎలా తెలిసింది?

1960 దశకంలో పాకిస్తాన్ గ్రామాలలో పనిచేయడానికి అమెరికా నుంచి పీస్ కోర్ యువకులు వచ్చారు. వచ్చేటప్పుడు దిట్టంగా ఉన్నవారే. ఇక్కడ కొంతకాలం గడిపాక వైద్యులు పరీక్షించి చూస్తే చాలామంది పేగుల నూగు పాడై ఉంది, ఆహారాన్ని పీల్చుకునే శక్తి తగ్గి ఉంది. స్వదేశానికి తిరిగి వెళ్లాక క్రమంగా బాగుపడింది. అంటే ఇది జాతి లక్షణం కాదు, పుట్టుకతో వచ్చిన లోపమూ కాదు. చుట్టూ ఉన్న మలినం తెచ్చిపెట్టినది. మలినం తప్పితే బాగుపడేది కూడా.

మనకు దగ్గరలోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1960, 70 దశకాలలో సెల్విన్ బేకర్, మాథన్ మొదలైన వైద్యులు దక్షిణ భారత గ్రామీణుల పేగులను పరీక్షించారు. పైకి ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ ఈ మార్పులు సర్వసాధారణమని గమనించారు. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో పీటర్ లన్ బృందం పసిబిడ్డల పేగు గోడలో ఎంత కారుదల ఉందో కొలిచి, కారుదల ఎక్కువ ఉన్న బిడ్డలే ఎదుగుదలలో వెనుకబడుతున్నారని 1991లో ప్రకటించింది. 2009 నుంచి ఎనిమిది దేశాలలో పుట్టిన బిడ్డలను నెలనెలా గమనిస్తూ ఒక పెద్ద అధ్యయనం జరిగింది. అందులో మన దేశం తరఫున ఎంపికైనది కూడా వెల్లూరే. విరేచనాలు లేని రోజుల్లోనూ బిడ్డల మలంలో రోగక్రిములు ఉంటున్నాయని, అలా దాగి ఉండే క్రిములు ఎదుగుదలను తగ్గిస్తున్నాయని అక్కడ తేలింది.

కథ తల్లి కడుపులోనే మొదలు

చూడి గేదెకు చివరి రెండు నెలలూ పాలు పిండడం మాని, అదనంగా దాణా పెట్టమని మేము ఎప్పుడూ చెబుతుంటాము. ఎందుకు? కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది ఆ రెండు నెలల్లోనే. అప్పుడు మేపు తక్కువైతే దూడ బలహీనంగా పుడుతుంది, ఈనిన తర్వాత పాడి తగ్గుతుంది. మనిషికీ ఇదే వర్తిస్తుంది. చివరి మూడు నెలల్లో బిడ్డ బరువు వేగంగా పెరుగుతుంది. ఇనుము, జింకు, విటమిన్ ఎ వంటి నిల్వలు తల్లి నుంచి బిడ్డకు చేరేది ముఖ్యంగా అప్పుడే.

తల్లి చాలినంత తినకపోతే బిడ్డ రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టే ప్రమాదం ఎక్కువ. అటువంటి బిడ్డకు పేగూ పూర్తిగా పక్వం కాదు, నిల్వలూ తక్కువే. పేగు గోడకు రోజూ మరమ్మతు జరగాలంటే కావలసిన సరుకు మొదటి నుంచే కొరత. పైగా పుట్టుకతోనే బిడ్డ పేగులో చేరే సూక్ష్మజీవులలో ఎక్కువ భాగం తల్లి నుంచే వస్తాయి. తల్లి ఆరోగ్యం బాగుంటే బిడ్డకు మంచి విత్తనం పడినట్లే.

ఇందుకు మన తెలుగు నేల మీదే రుజువు ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య నగరం సమీపంలోని 29 గ్రామాలలో ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. గర్భిణికి అదనంగా సుమారు 500 కాలరీలు, 20-25 గ్రాముల మాంసకృత్తులు అందేవి. తక్కిన 14 గ్రామాలలో అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ బిడ్డలు 13-18 ఏళ్ల వారయ్యాక 2003-05లో మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా పెట్టిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వారి రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, చక్కెర జబ్బు వైపు మొగ్గు తక్కువగా ఉంది. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. 14 మిల్లీమీటర్లు తక్కువ అనిపించవచ్చు. కాని అది కొన్ని వందల మంది పిల్లల సగటు. ఒక పూట ఉప్మా ప్రభావం పదిహేనేళ్ల తర్వాత కూడా శరీరంలో నిలిచి ఉండటం గమనించదగినది.

మరో సంగతి ఇంకా పాతది. 1930, 40 దశకాలలో కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన ఎక్రాయిడ్, ఆయన సహచరులు మన సర్కారు జిల్లాలలో పసిబిడ్డల మరణాలను పరిశీలించారు. మరపట్టిన తెల్లబియ్యమే ముఖ్యాహారంగా బతికే తల్లుల పాలలో విటమిన్ బి1 తగ్గిపోయి, చంటిబిడ్డలకు బెరిబెరి సోకుతోందని తెలుసుకున్నారు. ఆ ఇళ్లలో పాలు తాగుతున్న బిడ్డే జబ్బుపడింది. తప్పు తల్లిపాలది కాదు. తల్లి కంచంలో అన్నం తప్ప మరేమీ లేకపోవడమే కారణం.

ఇక్కడ ఒక్క మాట స్పష్టం చేయాలి. బక్కపలుచని తల్లికి కూడా బిడ్డకు చాలినన్ని పాలు పడతాయి. "నాకు బలం లేదు, పాలు చాలవు" అని డబ్బా పాలకు మళ్లడం పొరపాటు. పాల పరిమాణం తగ్గకపోయినా, విటమిన్ ఎ, బి1, బి12, అయోడిన్ వంటివి మాత్రం తల్లి తిండిని బట్టి తగ్గుతాయి. అందుకే బాలింత కంచం నిండుగా ఉండాలి. మన ప్రాంతంలో బాలింతకు కారప్పొడి, వెల్లుల్లి, నెయ్యి పెట్టి, పప్పు, కూరలు, పాలు, పెరుగు వారాల తరబడి మాన్పించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. వెల్లుల్లి, నెయ్యి మంచివే, ఉంచండి. తక్కినవి మాన్పించవద్దు. శాకాహారికి బి12 దొరికేది ముఖ్యంగా పాలు, పెరుగు, మజ్జిగ ద్వారానే అన్నది మరవవద్దు.

జున్నుపాలు, ముర్రుపాలు

ఈనిన గేదె మాయ వేసేదాకా దూడను పాలకు వదలకపోవడం కొందరి ఆచారం. అది తప్పని, ఈనిన గంట రెండు గంటల్లోపే జున్నుపాలు తాగించాలని పశువైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. దూడ పుట్టినప్పుడు దాని రక్తంలో రోగనిరోధక శక్తి దాదాపు ఉండదు. అది జున్నుపాల నుంచే రావాలి. ఆ రక్షక పదార్థాలను దూడ పేగు మొదటి రోజే నేరుగా రక్తంలోకి పోనిస్తుంది, తర్వాత తలుపు మూసుకుంటుంది. ఆలస్యమైతే తెల్లపారుడు పట్టుకుని దూడ పోతుంది. ఇది అనుభవంతో తెలుసుకున్న సభ్యులు ఇప్పుడు మాయ కోసం ఆగడం లేదు.

మనిషి బిడ్డకు రక్తంలోని రక్షణ కొంత తల్లి కడుపులోనే అందుతుంది. కాని పేగు మాత్రం రక్షణ లేకుండానే లోకంలోకి వస్తుంది. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చే చిక్కని పసుపుపచ్చ ముర్రుపాలు ఆ పేగు గోడకు పూతలా పనిచేస్తాయి. క్రిములు గోడను అంటుకోకుండా ఆపుతాయి. తల్లిపాలలో బిడ్డకు అరగని ఒక రకం చక్కెరలు కూడా ఉంటాయి. అరగనివి ఎందుకున్నాయని శాస్త్రజ్ఞులే మొదట ఆశ్చర్యపోయారు. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులోని మేలుచేసే సూక్ష్మజీవుల కోసం. వాటిని తిని ఆ జీవులు పెరిగి చెడ్డ క్రిములకు చోటు లేకుండా చేస్తాయి.

అటువంటి ముర్రుపాలను "చెడ్డపాలు" అని పిండి పారబోయడం, మూడో రోజు దాకా పంచదార నీళ్లు, తేనె, ఆముదం నాకించడం ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. దూడకు గంటలోపు తాగించే మనం బిడ్డకు మూడు రోజులు ఆగడం ఏమి న్యాయం? పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేదీ, రోహిణి ఎండల్లో మంచినీళ్లు కూడా, అక్కరలేదు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే.

పాల సమాఖ్యవారమై ఉండి కూడా మేము చెప్పవలసిన మాట మరొకటి ఉంది. గేదెపాలు, ఆవుపాలు చంటిబిడ్డకు తల్లిపాలకు బదులు కావు. ఏడాది నిండకుండా ముఖ్యాహారంగా పశువుల పాలు పడితే బిడ్డ పేగుల్లో కంటికి కనిపించనంతగా రక్తం కారవచ్చు, రక్తహీనత రావచ్చు. మన పాలు మొదట చేరవలసింది తల్లి గొంతులోకి. బిడ్డ వంతు తర్వాత వస్తుంది.

పెరట్లో దోగాడే బిడ్డ

మన సభ్యుల ఇళ్లలో చాలావాటికి వసారా పక్కనే గొడ్ల చావిడి. కోళ్లు ఇంట్లోకీ పెరట్లోకీ తిరుగుతుంటాయి. పెంటదిబ్బ పది అడుగుల దూరం. తల్లి గేదె కింద పేడ తీసి, చేయి నీళ్లలో ముంచి, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుంటుంది. దోగాడే బిడ్డ వాకిట్లో చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది.

ఇంతకాలం ప్రచారమంతా మనిషి మలం గురించే జరిగింది. అది అవసరమే. ఊరి చివర డొంకల్లో, చెరువు గట్ల మీద బహిర్భూమికి పోవడం తగ్గించడానికి 2014లో స్వచ్ఛభారత్ మొదలై లక్షలాది మరుగుదొడ్లు వచ్చాయి. కాని పశువుల పేడ, కోడి రెట్ట గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. జింబాబ్వే గ్రామాలలో పరిశోధకులు ఇళ్ల దగ్గర గంటల తరబడి కూర్చుని చూసి 2013లో రాసిన దాని ప్రకారం, కొందరు పసిబిడ్డలు మట్టిని పిడికిళ్లతో తిన్నారు, కోడి రెట్టనూ నోట్లో పెట్టుకున్నారు. కోళ్ల నుంచి కాంపైలోబ్యాక్టర్, పారుడు పట్టిన దూడల నుంచి క్రిప్టోస్పోరిడియం అనే క్రిములు పిల్లలకు సోకుతాయి. ఈ రెండూ పేగు గోడను దెబ్బతీసేవే.

ఇదంతా విని పశువులను వదిలించుకోమని ఎవరూ అనరు. పాడి ఉన్న ఇంట్లో బిడ్డకు మేలూ ఉంది, పాలు అందితే ఎదుగుదల బాగుంటుంది. బిడ్డకూ పేడకూ మధ్య ఒక అడ్డు పెడితే చాలు. వసారాలో కొంత జాగాను తడికతో వేరుచేసి, శుభ్రమైన చాప లేదా బొంత పరచి బిడ్డను అక్కడే ఆడించాలి. కోళ్లను రాత్రిళ్లు గంప కింద, పగలు దొడ్డివైపు ఉంచాలి. పేడ కళ్లాపి మన ఆచారం. కాని దోగాడే బిడ్డ ఉన్నంతకాలం బిడ్డ తిరిగే నేలను పేడతో అలకవద్దు. పారుడు పట్టిన దూడను వేరుగా కట్టాలి. పేడ ఎత్తిన చేతిని నీళ్లలో ముంచడం కడగడం కాదు. సబ్బు రుద్ది, గోళ్ల సందులు తోమి, పారే నీటితో కడగాలి. చంటిబిడ్డ దొడ్డికి పోయినది "పసిబిడ్డదే కదా" అని పెరట్లో పారేయవద్దు. అందులోనూ రోగక్రిములు ఉంటాయి, మరుగుదొడ్డిలో వేయాలి.

మరుగుదొడ్డి కడితే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వే దేశాలలో వేలాది కుటుంబాలకు మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు, నీటిని శుద్ధిచేసే మందు ఇచ్చి చూశారు. ఫలితాలు 2018, 2019 సంవత్సరాలలో వెలువడ్డాయి. బంగ్లాదేశ్‌లో విరేచనాలు తగ్గాయి, తక్కిన రెండు చోట్ల తగ్గలేదు. ఎత్తు మాత్రం పారిశుధ్యం ఒక్కదానితో ఎక్కడా పెరగలేదు. బిడ్డకు అదనపు ఆహారం ఇచ్చిన ఇళ్లలోనే కొద్దిగా పెరిగింది.

అంటే పారిశుధ్యం దండగ అని అర్థం కాదు. ఒక ఇంట్లో దొడ్డి కట్టినా పక్కింటి మలినం, పశువుల మలినం, నీటిలోని మలినం అలాగే ఉంటే క్రిములు తగ్గవలసినంత తగ్గవు. ఒక్క రైతు పాలు శుభ్రంగా పోసినా, మరొకరు పోసిన చెడ్డపాలు అదే క్యానులో కలిస్తే క్యానంతా విరిగిపోతుంది కదా! ఊరంతా కదలాలి. తిండి, శుభ్రత రెండూ జమిలిగా సాగాలి. ఒకటి చేసి మరొకటి వదిలితే చేసిన దాని ఫలితం కూడా సగంలోనే ఆగిపోతుంది.

క్యాను కడిగినట్లు

ఆరు నెలలు నిండగానే తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. మన పెద్దలు ఆరో నెలలో అన్నప్రాసన పెట్టారు, అది సరైన సమయమే. తంటా ఎక్కడంటే, ముహూర్తానికి ఒక ముద్ద నాకించి తర్వాత ఏడాది దాకా గంజినీళ్లతో నెట్టుకొస్తారు. గంజితో కడుపు నిండుతుంది, బలం రాదు. మెత్తగా మెదిపిన పప్పన్నంలో చెంచాడు నెయ్యి, ఉడికిన గుడ్డు, ఆకుకూర, పెరుగన్నం, అరటిపండు, ఇవి కొద్దికొద్దిగా రోజుకు రెండు మూడుసార్లతో మొదలుపెట్టి పెంచాలి. పొద్దున వండి మూతపెట్టిన అన్నాన్ని సాయంత్రం బిడ్డకు పెట్టవద్దు. మిరప చేలోకి వెళ్లే తల్లి ఇంట్లో పెద్దవారికి ఈ సంగతి చెప్పి వెళ్లాలి. చేలో కారం అంటిన చేతితో, మందు కొట్టిన చేను నుంచి వచ్చిన చీరతో బిడ్డను తాకవద్దు.

క్యాను సరిగా కడగకపోతే పాలు విరుగుతాయని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. పాలసీసా కూడా క్యాను వంటిదే. దాని రబ్బరు తిత్తి సందుల్లో పాలు మిగిలి, గంటల్లో క్రిములు లక్షలవుతాయి. అందుకే సీసా వద్దు, గిన్నె, చెంచా వాడండి. బిడ్డ తాగే నీటిని తెర్ల కాచి, మూతపెట్టి, వంచి పోయాలి. చేయి ముంచి తీయరాదు.

విరేచనాలు పట్టుకుంటే

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా అప్పుడప్పుడు విరేచనాలు తప్పవు. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగాఁవ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని డ్రమ్ములలో ఉంచి తాగించి వేలమందిని బతికించారు. అదే నేటి ఓఆర్ఎస్. ఒక పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, విరేచనం అయినప్పుడల్లా చెంచాతో పట్టాలి. కలిపిన నీటిని ఒక్కరోజే వాడాలి. దానితోపాటు జింకు మాత్ర 14 రోజులు వేయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, లోపు బిడ్డకు 10. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానవద్దు. చెడిన పేగు నూగు తిరిగి మొలవడానికే ఆ 14 రోజులు. తల్లిపాలు, అన్నం ఆపరాదు. కడుపు కాల్చితే నూగుకు సరుకు ఉండదు.

మలంలో రక్తం పడినా, కళ్లు గుంటలు పడినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

విరేచనాలు కలిగించే రోటా వైరస్‌కు హైదరాబాదులో తయారైన టీకాను 2016లో మన రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాలలో మొదటగా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. నోటిచుక్కల టీకాలు పేగు ద్వారానే పనిచేస్తాయి. సంపన్న దేశాల బిడ్డలలోకంటె మన వంటి దేశాల బిడ్డలలో ఇవి తక్కువగా పనిచేస్తున్నాయి. చెడిన పేగు అందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అయినా తీవ్రమైన విరేచనాలను ఇంచుమించు సగానికి పైగా ఆపగలవు. అన్ని మోతాదులూ తప్పక వేయించండి.

ఒక గ్లాసు లెక్క

గర్భిణికి రోజుకు అదనంగా 350 కాలరీలు, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 కాలరీలు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. పావు లీటరు గేదెపాలలో సుమారు 250 కాలరీలు, 9 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. దానికి ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగపప్పు తోడైతే గర్భిణికి కావలసిన అదనం తీరుతుంది. పాలలో ఇనుము లేదన్నంత తక్కువ. కనుక ఆకుకూరలు, పప్పులు, చేపలు తినాలి, ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఇనుము మాత్రలు వేసుకోవాలి. మాత్రను పాలతోగాని టీతోగాని వేసుకోవద్దు. అలా వేస్తే ఒంటికి సరిగా పట్టదు.

ఇప్పుడు పుస్తకంలో లెక్క వేసి చూడండి. తొమ్మిది నెలలు కడుపుతో, ఆరు నెలలు పాలిస్తూ, మొత్తం 450 రోజులు. రోజుకు పావు లీటరు చొప్పున 112 లీటర్లు. రెండు పూటలా కలిపి అయిదు లీటర్లిచ్చే గేదెకు అది 23 రోజుల పాడి. పదిహేను నెలలలో మూడు వారాల పాలు తల్లికి కేటాయిస్తే చాలు.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ ప్రారంభమైన తర్వాత ఒక విమర్శ వచ్చింది. పల్లె బిడ్డ నోటి దగ్గర పాలు పట్నానికి పోతున్నాయని. పాల డబ్బుతో ఇంట్లోకి పప్పులూ బట్టలూ చదువులూ వచ్చాయన్నది నిజం. కాని ఆ విమర్శలో నిజం బొత్తిగా లేదని మేము అనలేము. వెన్న శాతం బాగుందని చెంబు చివరి చుక్కదాకా కేంద్రంలో ఒంపే ఇళ్లు మాకు తెలుసు.

సంఘాలు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. సర్వసభ్య సమావేశంలో ఈ విషయం ఒక పావుగంట చర్చించాలి. కేంద్రంలో పాలు పోసే మహిళలలో చూలాలు ఎవరో కార్యదర్శికి తెలుసు. అటువంటి ఇంటివారు కాసిని పాలు తగ్గించి పోస్తే "పాలు తగ్గాయేం?" అని నిలదీయకూడదు. కేంద్రం దగ్గర సబ్బు, నీటి తొట్టి ఎప్పుడూ ఉంచాలి. నెలకొకసారి అంగన్వాడీ కార్యకర్తను పిలిచి సభ్యుల బిడ్డల బరువు, ఎత్తు కొలిపించాలి. ఊరి పెంటదిబ్బలను ఇళ్లకు దూరంగా మార్చే పని పంచాయతీతో కలిసి తలపెట్టాలి.

ఇంటి పెద్దలకు, ముఖ్యంగా అత్తగార్లకు, మా మనవి ఒక్కటే. రేపు ఉదయం పాలు పిండి తెచ్చాక చెంబు కేంద్రానికి పంపేముందు ఒక గ్లాసు పాలు పక్కకు తీసి కాచి కోడలి చేతికి ఇవ్వండి. కేంద్రంలో ఆ గ్లాసు తగ్గినందుకు సమాఖ్యకు ఏ బాధా లేదు.